రొయ్యల గుంట లెక్కల యాప్: సలహా బృందం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి మేం కూర్చుని ఊహించుకుని రాసిన ప్రశ్నలు కాదు, గుంట గట్ల మీద, కావలి టీ కొట్లో, పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్నాయన అడిగినవి. చెప్పిందే చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఒకచోట రాసి పెడతా ఉన్నా. నేను ఈ బృందంలో మీటింగ్ నోట్స్ రాసేవాణ్ణి, కోడ్ రాసేవాణ్ణి కాదు, కాబట్టి టెక్నికల్‌గా ఏదైనా తేడా చెప్పుంటే కోడ్ రాసే పిలకాయలు సరిచేస్తారు.

అసలు ఈ సలహా బృందం ఏంది?

సీడ్ అంటే రొయ్య పిల్లల్ని ఎప్పుడు వేశారు, రోజుకి మేత ఎంత పోశారు, తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీళ్ళలోకి గాలి కలిపే ఎయిరేటర్లకి కరెంటు ఎంత కాలింది, పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మేటప్పుడు, ఏ సైజు కౌంట్ వచ్చింది, ఇవన్నీ రాసుకోడానికి ఒక ఫోన్ యాప్ ఉంది. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అదే ఓపెన్ సోర్స్ అంటే. రాసేది నలుగురు పిలకాయలు, ముగ్గురు బెంగళూరు హైదరాబాదుల్లో పగలు ఉద్యోగం చేసుకుని రాత్రిళ్లు దీని మీద కూర్చుంటారు, ఒకమ్మాయి మాత్రం ఇందుకూరుపేట నుంచే రాస్తది. ఆ అమ్మాయి వాళ్ళ నాన్నకి తప్ప మిగతా ముగ్గురి ఇళ్లలో ఎవరికీ గుంట లేదు. అందుకని గుంటల సంగతి తెలిసినోళ్ళం తొమ్మిది మందిమి కూర్చుని ఏది ముందు చెయ్యాలి, ఏది అసలు చెయ్యకూడదు, ఏది తప్పుగా చేశారు అని వాళ్ళకి చెప్తా ఉంటాం.

ఓపెన్ సోర్స్ అంటే రాసినోడి ఇష్టం కదా, మళ్లీ కమిటీలెందుకు?

ఈ మాట నేనూ మొదట్లో అన్నాను. తర్వాత పిలకాయలు చెప్పగా తెలిసింది, ఒక్కో ప్రాజెక్టుది ఒక్కో దారి. కంప్యూటర్లని నడిపే లైనక్స్ 1991లో మొదలైంది, ఈరోజుకీ దాని గుండెకాయ లాంటి కెర్నల్లోకి ఏది పోవాలన్నా ఆఖరి మాట దాన్ని మొదలుపెట్టిన లీనస్ టోర్వాల్డ్స్‌దే. లైనక్స్‌తోనే తయారయ్యే డెబియన్ వాళ్ళకి 1998 నుంచి రాజ్యాంగమే ఉంది, ఏడాదికోసారి లీడర్‌ని ఓట్లేసి ఎన్నుకుంటారు. ప్రోగ్రాములు రాసే భాష పైథాన్‌కి మొదట్నుంచీ దాన్ని పుట్టించిన గీడో వాన్ రోసమ్ పెద్దరాయుడు, 2018 జులైలో ఒక మార్పు మీద జరిగిన రచ్చ తర్వాత ఇంక నా వల్ల కాదని ఆయన పక్కకి తప్పుకున్నాడు, అప్పట్నుంచి ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్ నడుపుతా ఉంది, వాళ్లని కోర్ డెవలపర్లే, అంటే దాని కోడ్ చూసుకునే ముఖ్యమైనవాళ్ళే, ఎన్నుకుంటారు.

అయితే వీటన్నిట్లో ఒక సౌకర్యం ఉంది, మాకు అది లేదు. పైథాన్ రాసేవాళ్ళు పైథాన్ వాడేవాళ్ళే. వాళ్ళకి నొప్పి పుడితే వాళ్లే కోడ్ తెరిచి సరిచేసుకుంటారు. మా యాప్ వాడేది విడవలూరులోనో అల్లూరులోనో కొత్తపట్నంలోనో గట్టు మీద లుంగీ ఎగ్గట్టుకుని నిలబడిన మనిషి, తడి చేత్తో ఫోన్ పట్టుకుని ఉంటాడు, ఆయనకి నచ్చకపోతే ఇష్యూ (ఫిర్యాదు) రాయడు, ప్యాచ్ (సరిచేసిన కోడ్) పంపడు, యాప్ తీసేసి మళ్లీ చిన్న డైరీ తీస్తాడు, ఎందుకు తీసేశాడో రాసినోళ్లకి ఎప్పటికీ తెలీదు. అది తెలియాలనే ఈ బృందం.

నాకు కోడింగ్ రాదు. నేను వచ్చి ఏం చెప్తాను?

మాలో ఎనిమిది మందికి రాదు. మొదటి మీటింగ్‌లో ఏం జరిగిందో చెప్తా వినండి.

యాప్ తెరవగానే పైన "నా చెరువులు" అని ఉండేది. రాసిన అబ్బాయిది భీమవరం వైపు, ఆడ రొయ్యల చెరువు అంటారు, తప్పేం లేదు. మా నెల్లూరులో రొయ్యలది గుంట. చెరువు అంటే ఊరి చెరువు, కయ్యలకి నీళ్ళొచ్చేది. విడవలూరు నుంచి వచ్చిన పెద్దాయన ఆ స్క్రీన్ చూసి "నాకు చెరువులు యాడివి నాయనా, అది పంచాయితీది" అన్నాడు, అందరం నవ్వాం, ఆయన నవ్వలేదు. ఇప్పుడు యాప్ మొదటిసారి తెరిచినప్పుడు మీది గుంటా చెరువా అని అడుగుతుంది, ఏది నొక్కితే యాప్ అంతా అదే మాట.

అదే రోజు ఇంకోటి. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయి అని, 100 కౌంట్ అంటే ఒక్కోటి 10 గ్రాములు, 50 కౌంట్ అంటే 20 గ్రాములు, నంబర్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు పెద్దది. పిలకాయలేమో నంబర్ తగ్గితే నష్టం అనుకుని ఎర్ర బాణం కిందికి పెట్టారు. కౌంట్ 80 నుంచి 60కి వచ్చిందంటే ఆ ఇంట్లో పండగ, యాప్‌లో మాత్రం ఎర్ర రంగు, కింద "తగ్గుదల గమనించండి" అని హెచ్చరిక! దాన్ని పట్టుకుంది మాలో ఒకావిడ, వాళ్ళాయన గుంట చూసుకుంటే ఈమె లెక్కలు రాస్తది. కోడ్‌లో మార్చింది ఒక్క లైన్ అట. ఆ ఒక్క లైన్ యాడుందో చెప్పడానికి కంప్యూటర్ సైన్స్ అక్కర్లేదు కదా.

మీరు చెప్పింది వాళ్ళు చెయ్యాల్సిందేనా?

కాదు. ఇది బాగా గట్టిగా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వచ్చినోళ్ళు పంచాయితీ తీర్మానం లాగా అనుకుంటారు. రాసేది వాళ్ళు, రాత్రి నిద్ర మానుకునేది వాళ్ళు, మనం ఆర్డర్ వెయ్యలేం. మాకున్న హక్కు ఒక్కటే, అడిగిన ప్రతిదానికీ పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రావాలి. చేస్తాం అంటే ఎప్పటికి, చెయ్యం అంటే ఎందుకు. "చూస్తాం అన్నా" అనేది జవాబు కింద లెక్కలోకి రాదు, దాన్ని నేను నోట్స్‌లో ఖాళీ అనే రాస్తాను, మరుసటి మీటింగ్‌లో మొదట చదివేది ఆ ఖాళీలే.

వినడానికి ఇది చిన్న విషయంలాగా ఉంటది గానీ నా ఉద్దేశంలో మొత్తం ఇదే. సలహా అడిగే పెద్దమనుషులు మన చుట్టూ చాలామంది ఉన్నారు, ఫోటో తీసుకుని పోతారు, తర్వాత ఏమైందో చెప్పేవాడు ఉండడు. కాదని కారణం రాసినా మనిషికి గౌరవం ఉంటుంది. నోటితో చెప్తే మేత కిలోలు దానంతటదే ఎక్కేలా పెట్టమని మేం అడిగాం, వాళ్ళు చెయ్యలేం అన్నారు, గట్టు మీద ఎయిరేటర్ల మోతలో పదిహేను అంటే యాభై అని ఎక్కుతా ఉంది, తప్పు లెక్క కంటే లెక్క లేకపోవటం మేలు అని రాశారు. ఎవరూ గొణగలేదు.

మరి వాళ్ళు ఎప్పుడూ కాదంటూ ఉంటే?

కోడ్ అందరిదీ కదా, తీసుకుని వేరే కుంపటి పెట్టుకోవచ్చు, దాన్ని ఫోర్క్ అంటారు. 2010లో ఓపెన్ ఆఫీస్ అని ఉత్తరాలు, లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ వాళ్ళు చాలామంది ఒరాకిల్ కంపెనీ చేతిలో దాని గతి ఏమవుతుందో అని విడిపోయి లిబ్రే ఆఫీస్ పెట్టుకున్నారు, ఇప్పుడు జనం వాడేది ఎక్కువ అదే. మా యాప్ లైసెన్స్ జీపీఎల్ మూడో వెర్షన్, 2007లో వచ్చింది, దాని ప్రకారం మార్చి వేరేవాళ్ళకి ఇచ్చేవాడు ఆ మార్చిన కోడ్ కూడా వాళ్ళకి అందుబాటులో పెట్టాలి. నిజానికి మేం ఫోర్క్ చేసేంత మొనగాళ్ళం కాదు, చేసినా నడిపేదెవరు. కానీ తలుపు తీసి ఉందని ఇద్దరికీ తెలిస్తే మాట్లాడుకునే తీరు వేరుగా ఉంటది.

బృందంలో ఎవరెవరు ఉంటారు?

తొమ్మిది మంది. సొంత గుంటలున్న రైతులు ముగ్గురు, కౌలు రైతు ఒకరు, గుంట మీద రాత్రి కాపలా ఉండే మనిషి ఒకరు, ఇంట్లో లెక్కలు రాసే ఆడవాళ్ళు ఇద్దరు, నీళ్ళు టెస్ట్ చేసే ల్యాబ్ నుంచి ఒకరు, డెవలపర్ల తరఫున ఒకరు. డెవలపర్‌కి మాట ఉంది, ఓటు లేదు. ప్రకాశం వైపు నుంచి కనీసం ఇద్దరుండాలి. జిల్లా గీత చూసి కాదు, గీతలు మారతా ఉంటాయి, 2022లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకి వచ్చింది అట్టా, అందుకని మేం సముద్రం ఒడ్డు చూసుకుంటాం, సింగరాయకొండ నుంచి ముత్తుకూరు దాకా.

ఒకే ఊరోళ్ళు గానీ ఒకే కంపెనీ తాలూకు మనుషులు గానీ ఇద్దరికి మించకూడదు. ఇది మా తెలివి కాదు, పైథాన్ కౌన్సిల్లో ఒకే కంపెనీలో పనిచేసేవాళ్ళు ఇద్దరికంటే ఎక్కువ ఉండకూడదని రూలుంది, దాన్నే తెచ్చి ఊరికి కూడా తగిలించాం. మన దగ్గర ఊరు కంపెనీ కంటే గట్టిది.

పదవి రెండేళ్ళు. అందరూ ఒకేసారి దిగిపోకుండా ఏడాదికి సగం మంది మారతారు.

కాపలా మనిషి ఎందుకు? ఆయన యాప్ వాడతాడా?

అందరికంటే ఎక్కువ వాడేది ఆయనే. ఒక కథ చెప్తే మీకే తెలుస్తది.

నీళ్ళలో ఆక్సిజన్, మనోళ్ళు డీఓ అంటారు, పగలు ఎండకి నీళ్ళలోని నాచు పచ్చదనం వల్ల పెరుగుతుంది, రాత్రి ఆ పచ్చదనమే రొయ్యలతో పాటు ఆక్సిజన్ తాగేస్తది, తెల్లారేముందు అన్నిటికంటే తక్కువకి పడిపోతుంది. పిలకాయలు డీఓ రీడింగ్ రాయమని గుర్తుచేసే అలారం పొద్దున ఆరింటికి పెట్టారు, మనిషి లేచే టైమని. కాపలా ఆయన మీటింగ్‌లో చివర్న కూర్చుని ఒక్కటే మాట అన్నాడు, "ఆరింటికి రాయడానికేముంది సార్, అప్పటికి తేలినవి తేలిపోయుంటాయి." ఆయనకి రెండున్నరకి, నాలుగింటికి కావాలి. అలారం కూడా మామూలు టింగ్ టింగ్ కాదు, ఎయిరేటర్ల మోతలో వినపడాలి, పైగా కరెంటు పోయి ఎయిరేటర్లు ఆగిపోతే ఆ నిశ్శబ్దానికే ఆయనకి మెలకువ వస్తదట, మోత ఉన్నంతసేపు హాయిగా నిద్ర. ఇది బెంగళూరులో కూర్చున్నోడికి ఎట్టా తడతది చెప్పండి. ఇప్పుడు అలారం ఎవరి టైము వాళ్ళే పెట్టుకోవచ్చు, పెట్టకపోతే నాలుగు.

మేత కంపెనీవాళ్ళు, సీడ్ వాళ్ళు రావచ్చా?

రావచ్చు, మాట్లాడొచ్చు. వాళ్ళకి లాభం నష్టం ఉన్న విషయం మీద చర్చ వచ్చినప్పుడు మాత్రం బయటికి పోవాలి.

ఇది ఊరికే పెట్టిన రూల్ కాదు. ఒక మేత కంపెనీ తాలూకు మనిషి వచ్చి సర్వర్ ఖర్చంతా మేం పెట్టుకుంటాం, మేత చార్ట్‌లో మా బ్రాండ్ ముందే ఎక్కించి ఉంచండి చాలు అన్నాడు. డబ్బులు అవసరమే, పిలకాయలు సొంత జేబులోంచి కడతా ఉన్నారు, వాళ్ళలో ఒకడు ఒప్పుకుందామనే అన్నాడు, వాణ్ణి తప్పు పట్టలేను. అప్పట్లో మా బృందంలో రైతు కోటాలో ఉన్న ఒకాయనకి మేత డీలర్‌షిప్ కూడా ఉంది. అందరం ఆయన వైపు చూశాం, ఆయనే లేచి "మీరు మాట్లాడుకోండి, నేను టీ తాగొస్తా" అని పోయాడు. పెద్దరికం అంటే అదీ. గంటన్నర వాదించి వద్దన్నాం. మేత చార్ట్‌లో బ్రాండ్లు ఉండవు, రొయ్య బరువుకి ఎంత శాతం అనేది ఒక్కటే ఉంటుంది. షరతు లేకుండా ఎవరిస్తారన్నా తీసుకుంటాం, ఎవరు ఎంత ఇచ్చారో అందరికీ కనపడేలా రాసి పెడతాం. కంపెనీ ఆయన మళ్లీ రాలేదు.

కోడ్ అందరికీ కనపడతదంటే నా గుంట లెక్కలు కూడా కనపడతాయా?

ఇది అడగని మనిషి లేడు, అడగాలి కూడా. కనపడవు. ఓపెన్ అయ్యింది వంట చేసే విధానం, మీ ఇంట్లో చేపల పులుసు కాదు. మీ లెక్కలు మీ ఫోన్‌లోనే ఉంటాయి, బ్యాకప్ కావాలంటే మీరే పాస్‌వర్డ్ పెట్టి తీసుకోవాలి, ఆ పాస్‌వర్డ్ పోతే దేవుడు కూడా తెరవలేడు కాబట్టి యాడన్నా రాసి పెట్టుకోండి.

ఎందుకింత పట్టుదల అంటే, మనలో చాలామంది మేత అరువుకి తెస్తారు, పట్టుబడి అయ్యాక కడతారు. అరువిచ్చినాయనకి మీ గుంటలో రొయ్య ఎంతుంది, ఎన్ని టన్నులు వస్తాయి అనేది ముందే తెలిస్తే రేటు దగ్గర మీ మాట చెల్లదు. పిలకాయలు మంచి మనసుతోనే మండలం మొత్తం సగటు చూపిస్తే రైతులకి ఉపయోగం కదా అని డేటా పంపే ఆప్షన్ ఆన్ చేసి ఉంచారు, మేం ఆఫ్ చేయించాం. కావాలనుకున్నోళ్ళు ఆన్ చేసుకుంటారు. గుంట జీపీఎస్ లొకేషన్ అసలే తీసేయించాం, మండలం పేరు చాలు.

మీలో మీకే పడకపోతే?

పడదు, తరచుగా. అపాచీ అనే ఓపెన్ సోర్స్ సంస్థ ప్రాజెక్టుల్లో ఒక పద్ధతి ఉంది, ఒకరు ప్రతిపాదన పెడతారు, మామూలుగా 72 గంటలు ఆగుతారు, ఎవరూ అడ్డు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే, అడ్డు చెప్పేవాళ్ళు ఎందుకో కారణం చెప్పాలి. మేమూ అదే పెట్టుకున్నాం గానీ 72 గంటలు మనకి చాలవు, పట్టుబడి ఉన్న వారం ఎవరూ ఫోన్ చూడరు, కాబట్టి పది రోజులు. అడ్డు చెప్తే "నాకెందుకో నచ్చలేదబ్బా" అంటే కుదరదు, ఏం జరుగుతుందో చెప్పాలి. అప్పటికీ తేలకపోతే చేతులెత్తటం. వైట్ స్పాట్ అనే అంటు రోగం వచ్చిన గుంట గురించి పక్క గుంటలవాళ్ళకి యాప్ కబురు పంపాలా వద్దా అనే దాని మీద మాత్రం మూడు మీటింగులైనా తెగలేదు. చెప్పకపోతే పక్కోడు మునుగుతాడు, చెప్తే వీడి సరుకు ఎవడూ కొనడు. నాకు చెప్పాలనే ఉంది, అయితే నాకు ఇప్పుడు గుంట లేదు, పోయినేడాది తీసేశాను, కాబట్టి నా మాటకి బరువు తక్కువ.

డెవలపర్‌కి నేరుగా ఫోన్ చేసి అడగొచ్చా?

వద్దు. దయచేసి వద్దు. రాత్రి పదకొండింటికి ముగ్గురు వరసగా ఫోన్ చేసి గ్రాఫ్ రావట్లేదని ఒకబ్బాయిని తగులుకున్నారు, వాడు నెల రోజులు కోడ్ ముట్టుకోలేదు.

ఇంకో సంగతి ఉంది, భయపెట్టడానికి కాదు. లైనక్స్ మెషీన్లలో ఎక్స్‌జెడ్ అని ఫైళ్ళు కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, ఏళ్ల తరబడి ఒక్క మనిషే చూసుకుంటా ఉన్నాడు. ఏందింత ఆలస్యం, ఇంకొకరికి అప్పజెప్పు అని కొందరు ఆయన్ని పొడిచారు, ఈలోగా సాయం చేస్తానని ఒకడు చేరి రెండేళ్ళ పైన నమ్మకంగా పనిచేసి హక్కులు చేతికొచ్చాక దొంగదారి కోడ్ పెట్టాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు లాగిన్ అర సెకను లేటవుతోంది ఏంటా అని తవ్వితే బయటపడింది. అందుకని మా బృందం పిలకాయలకి ఇచ్చిన మొదటి సలహాల్లో ఒకటి, కొత్త వెర్షన్ బయటికి వెళ్ళాలంటే ఇద్దరు చూడాలి, ఒక్కరి చేతిలో తాళం ఉండకూడదు. రెండోది, సెలవు కావాలంటే చెప్పి తీసుకోండి, మేం ఆగుతాం. వరి కోతకి ఆగట్లేదా.

యాప్‌లో తెలుగు వింతగా ఉంది, అక్షరాలు విడిపోతున్నాయి. ఎవరికి చెప్పాలి?

స్క్రీన్‌షాట్ తీసి ఫోన్ మోడల్ పేరుతో బృందంలో ఎవరికైనా పంపండి. చిన్న విషయం అనుకోవద్దు, 2018 ఫిబ్రవరిలో మధ్యలో కనపడని క్యారెక్టర్ ఒకటి ఇరుక్కున్న "జ్ఞా" అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లే క్రాష్ అయిపోయేవి, 11.2.6 అప్‌డేట్ ఇస్తే గానీ ఆగలేదు. మన ఒత్తులు అంత పని చేయగలవు. పాత చవక ఫోన్లలోనే ఎక్కువ తేడా వస్తది, గట్టు మీద ఉండేవి అవే.

మాది వరి. మాకూ ఒకటి చేస్తారా?

ఇప్పుడు కాదు. ఇది మా బృందమే వద్దని చెప్పింది, నలుగురే రాసేవాళ్ళు. పైగా వరి అంటే పుట్టి లెక్క దగ్గరే కొట్టుకుంటాం, నెల్లూరు పుట్టి 850 కిలోలు, ఇంకో జిల్లాకి పోతే ఆ లెక్క పనికిరాదు. ఎవరైనా కోడ్ తీసుకుని చేసుకుంటామంటే కూర్చుని అన్నీ చెప్తాం.

జీతమేమన్నా ఇస్తారా?

లేదు. బస్సు చార్జీ, టీ, మధ్యాహ్నం భోజనం. కాపలా ఆయనకి మాత్రం ఆ రోజు కూలి ఇస్తాం, ఆయన రావాలంటే గుంట మీద ఇంకొకర్ని పెట్టాలి కదా, దాని మీద ఎవరూ మాట్లాడలేదు.

మీటింగ్ ఎప్పుడు?

నెలలో రెండో ఆదివారం, ఒక నెల కావలి, ఒక నెల నెల్లూరు, వేసవిలో ఒకసారి ఒంగోలు. రొట్టెల పండగ వారంలో నెల్లూరులో పెట్టం, సగం మంది ఇళ్లకి చుట్టాలు దిగుంటారు.

చేరాలంటే ఏం చెయ్యాలి?

ఓటు లేకుండా రెండు మీటింగులకి వచ్చి కూర్చోండి, నచ్చితే పేరివ్వండి, ఖాళీ వచ్చినప్పుడు ఉన్నోళ్ళు ఎంచుకుంటారు. సర్టిఫికెట్లు, బయోడేటా ఏం వద్దు. వచ్చేటప్పుడు మీరు ఇప్పుడు లెక్కలు రాసుకునే పుస్తకం తీసుకురండి, మేత డీలర్ ఊరికే ఇచ్చిన డైరీ అయినా సరే, సగం చిరిగిందైనా సరే. వెనక పేజీల్లో మీ సొంత గుర్తులు ఉంటాయి చూడండి, సున్నా చుట్టిన తేదీలు, పక్కన పెట్టిన చిన్న గీతలు, పిలకాయలు ముందు అడిగేది వాటినే.